తుపాను వెళ్ళిపోయాక పడవలో పని

తెరచాప పడవే ఇల్లుగా బతికేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళకి వంటా అందులోనే, పడకా అందులోనే. ఉన్న ఊళ్ళో ఇల్లు అమ్ముకుని, ఆ డబ్బుతో ఒక పడవ కొనుక్కుని, రేవు నుంచి రేవుకి తిరుగుతూ ఏళ్ళు గడిపేస్తారు. వాళ్ళ ఫోటోల్లో నీలం నీళ్ళూ తెల్లటి తెరచాపా కనిపిస్తాయి. చేతిలో కొబ్బరిబోండం కూడా ఉంటుంది. ఆ ఫోటోల్లో ఎక్కడా కనిపించని రోజు ఒకటుంది. అది తుపాను వెళ్ళిన మర్నాడు. ఇవాళ్టి ప్రసంగం ఆ మర్నాటి గురించే.

తుపాను కొట్టిన పడవలో చెయ్యాల్సిన పనులు వంద ఉంటాయి. చేతులు మాత్రం రెండో నాలుగో. ఒంట్లో ఓపిక ఉండదు. రెండు రాత్రుల నుంచి నిద్ర ఉండదు. అలాంటప్పుడు ఏది ముందు, ఏది తరువాత అన్న లెక్కే మనిషిని కాపాడుతుంది.

మన తీరం ఊళ్ళవాళ్ళకి ఈ లెక్క కొత్తదేం కాదు. ఇంట్లోకి నీళ్ళొస్తే ఇల్లాలు ఏం చేస్తుంది? ముందు మెయిన్ స్విచ్ కట్టేయిస్తుంది. పిల్లల్ని మంచం ఎక్కిస్తుంది. బియ్యం డబ్బా అటక మీదికి చేరుస్తుంది. కిటికీ అద్దం పగిలింది, గోడ సున్నం ఊడింది అని ఆ పూట ఎవరూ కూర్చుని బాధపడరు. పడవలోనూ ఇదే వరస. ముందు మనిషి. తరువాత నీళ్ళు. ఆ తరువాతే తెరచాప. ఈ మాట గుర్తుంచుకుంటే మిగతా ప్రసంగం సులువుగా అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక పడవ కథ. పడవ పేరు జు హాంగ్. పొడవు 46 అడుగులు. 1938లో హాంకాంగ్‌లో టేకుతో కట్టారు. దాని యజమానులు మైల్స్ స్మీటన్, బెరిల్ స్మీటన్ అనే దంపతులు. మైల్స్ ఒకప్పుడు మన దేశంలో సైనికాధికారి. హాడ్సన్స్ హార్స్ అనే ఆశ్విక దళంలో పనిచేశాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కుదురుగా కూర్చునే రకం కాదు. 1939లో హిందూకుష్ కొండల్లోని తిరిచ్ మీర్ శిఖరం ఎక్కబోయారు. అప్పుడు వాళ్ళ వెంట వెళ్ళిన షెర్పాల్లో టెన్జింగ్ నార్గే ఒకడు. పద్నాలుగేళ్ళ తరువాత ఎవరెస్టు ఎక్కిన టెన్జింగే.

ఈ దంపతులు 1951లో జు హాంగ్‌ని కొన్నారు. అప్పటికి వాళ్ళకి పడవ నడపడం పెద్దగా రాదు. కొన్నాక నేర్చుకున్నారు. సముద్రం దగ్గర ఇంత ధైర్యం అందరికీ పనికిరాదనే చెప్పాలి. అయినా వాళ్ళు నేర్చుకున్నారు, బాగానే నేర్చుకున్నారు.

1956 డిసెంబరులో మెల్‌బోర్న్ నుంచి బయల్దేరారు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి, అట్లాంటిక్ సముద్రంలోకి వెళ్ళాలని వాళ్ళ ఆలోచన. తోడుగా జాన్ గజ్‌వెల్ అనే యువకుడు వచ్చాడు. వృత్తికి వడ్రంగి. తన పడవని తనే కట్టుకున్నవాడు. నాలుగో ప్రాణి ప్వే అనే పిల్లి.

1957 ఫిబ్రవరి 14. కేప్ హార్న్ ఇంకా వందల మైళ్ళ దూరంలో ఉంది. వెనక నుంచి కొండంత కెరటాలు తరుముతున్నాయి. చుక్కాని దగ్గర బెరిల్ ఉంది. ఒక పెద్ద కెరటం వచ్చి పడవ వెనకవైపు అమరాన్ని ఎత్తేసింది. ముందువైపు అణియం నీళ్ళలో గుచ్చుకుంది. పడవ తలకిందులుగా పల్టీ కొట్టింది. పక్కకి ఒరిగి పడటం కాదు, పిల్లలు మొగ్గలేసినట్టు వెనక భాగం ముందుకొచ్చి పడింది.

మళ్ళీ పడవ నిటారుగా లేచేసరికి రెండు తెరచాప కొయ్యలూ లేవు. చుక్కాని లేదు. పైన గది కప్పు మొత్తం ఊడిపోయింది. మనిషి నిలువునా దిగిపోయేంత పెద్ద కన్నం ఆకాశం చూస్తోంది. లోపల నడుము లోతు నీళ్ళు. బెరిల్ కట్టుకున్న తాడు తెగిపోయింది. ఆమె పడవకి ముప్ఫై గజాల దూరంలో నీళ్ళలో ఉంది. తలకు గాయమైంది. భుజం దెబ్బతింది.

ఇక్కడ వరస చూడండి. మగవాళ్ళిద్దరూ ముందు చేసింది కన్నం మూయడం కాదు. బెరిల్‌ని చూశారు. ఆమె నీళ్ళలో తేలుతున్న విరిగిన కొయ్యని పట్టుకుని పడవ దగ్గరికి వచ్చింది. ఇద్దరూ కలిసి పైకి లాగారు. ముందు మనిషి.

తరువాత నీళ్ళు. ఇక మునిగిపోవడమే అని మైల్స్‌కి అనిపించింది. ఆ సంగతి తన పుస్తకంలో దాచుకోకుండా రాశాడు. అప్పుడు బెరిల్ ఏడుస్తూ కూర్చోలేదు. బక్కెట్లు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు, వెళ్ళి వాటిని వెతికింది. ఒంటి చేత్తోనే నీళ్ళు అందించింది. గజ్‌వెల్ మాత్రం నీళ్ళు తోడటానికి రాలేదు. అతను పైన కన్నం మీద పడ్డాడు. కన్నం తెరిచి ఉంటే వచ్చే కెరటం మళ్ళీ నింపేస్తుంది, తోడిందంతా వృథా. లోపలి అలమర తలుపులు ఊడదీశాడు. దొరికిన చెక్కలు అడ్డం పెట్టి మేకులు కొట్టాడు. పైన తెరచాప గుడ్డ కప్పాడు. అటు ఆ పని, ఇటు బక్కెట్లు. గంటల తరబడి తోడారు. పడవ తేలింది.

పిల్లి సంగతి అడుగుతారేమో. బతికింది. తడిసి ముద్దయింది, అంతే.

నీళ్ళు ఆగాక గాభరా తగ్గింది. అసలు కథ ఇక్కడి నుంచే. మరీ ముఖ్యంగా వడ్రంగి పని తెలిసినవాళ్ళు వినాలి. గజ్‌వెల్‌కి దొరికిన రంపం మొద్దుబారిపోయింది. దానితో ఎలాగోలా కోసేద్దాం అనుకోలేదు. పడవ అడుగున నీళ్ళలో దొరికిన ఆకురాయితో, ఆ ఊగిసలాటలో కూర్చుని, రంపం పళ్ళకి ఒక్కొక్కదానికీ పదును పెట్టాడు. తరువాతే చెక్క ముట్టుకున్నాడు. మైల్స్‌కి ఆ ఓపిక చూసి ఆశ్చర్యం వేసింది. మనకీ వేస్తుంది. ఒడ్డుకి వెయ్యి మైళ్ళ దూరంలో, చినిగిన పడవలో, రంపానికి పదును పెట్టే మనిషిని ఊహించుకోండి.

మిగిలిన చెక్కలతో, కర్రలతో ఒక పొట్టి కొయ్య చేశారు. చుక్కాని స్థానంలో పొడుగాటి తెడ్డు కట్టారు. చిన్న తెరచాప ఎత్తారు. అప్పుడిక గాలి ఎటు తీసుకెళితే అటే పోవాలి, ఎదురు వెళ్ళే శక్తి లేదు. అందుకని కేప్ హార్న్ ఆశ వదిలేశారు. ఉత్తరానికి తిరిగి, చిలీ దేశం వైపు నడిచారు. అయిదు వారాలకు కొరొనెల్ అనే రేవు చేరారు. ఎవరినీ సాయం అడగలేదు. అడగడానికి దారీ లేదు.

శ్రోతలూ, ఇంకోసారి చెప్పుకుందాం. ముందు మనిషి. తరువాత నీళ్ళు. ఆ తరువాతే తెరచాప.

విరిగిన కొయ్య విషయం కొంచెం విడమర్చి చెప్పాలి. తెరచాప కొయ్య విరిగితే పీడా పోయిందని ఒడ్డున ఉన్నవాళ్ళు అనుకుంటారు. కానీ అది పోదు. ఉక్కు తీగలతో పడవకి వేలాడుతూ పక్కనే నీళ్ళలో ఉంటుంది. కెరటం వచ్చినప్పుడల్లా పడవ పక్కని పొడుస్తుంది. నిన్నటిదాకా పడవని నడిపిన కొయ్యే ఇవాళ దాన్ని చిల్లు పొడిచే గునపం. అందుకే దూరప్రయాణం చేసే ప్రతి పడవలోనూ ఉక్కు తీగలు తెంచే పెద్ద కత్తెర, ఇనుము కోసే రంపం చేతికందేచోట ఉంటాయి. పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే లాక్కుంటారు. లేకపోతే తెంచి వదిలేస్తారు. లక్షలు పోసి కొన్నదాన్ని నీళ్ళలో వదలాలంటే ప్రాణం ఒప్పదు. కానీ వదలాలి.

ఇంకో విచిత్రం. కొయ్య ఉన్న పడవ నెమ్మదిగా ఊగుతుంది. కొయ్య బరువు ఎత్తున ఉండి ఆ ఊపుని ఆపుకుంటుంది. కొయ్య పోయిన పడవ అటూ ఇటూ టకటకా విసిరేస్తుంది. నిలబడలేరు, పడుకోలేరు, పొయ్యి మీద గిన్నె నిలవదు. పైగా రేడియో ఆంటెనా కొయ్య చివరనే ఉంటుంది కాబట్టి అదీ పోతుంది. తుపాను వెళ్ళిపోయాక కూడా కష్టం తగ్గకపోవడానికి కారణాలు ఇవి.

ఇలాంటి దెబ్బ మనవాళ్ళకీ తగిలింది. అప్పటి మన నౌకాదళ అధికారి కమాండర్ అభిలాష్ టోమీ 2018 జూలై 1న ఫ్రాన్సు నుంచి గోల్డెన్ గ్లోబ్ రేస్ అనే పడవ పందెంలో బయల్దేరాడు. ఒంటరి ప్రయాణం. ఎక్కడా ఆగకూడదు. పడవ పేరు తురియా, గోవాలో కట్టింది. సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను ఎత్తి కుదేసింది. కొయ్యలు విరిగాయి. ఆయన వెన్నుపూస దెబ్బతింది.

స్మీటన్ల కథకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. తురియా మునగలేదు. కన్నం పడలేదు. కానీ మనిషి లేవలేడు. లేవలేని మనిషికి కత్తెర ఉండి ఏం లాభం? రంపం ఉండి ఏం లాభం? ఆయన మంచం మీద నుంచే కబురు పంపగలిగాడు. ఆ తరువాత కదలకుండా పడుకుని ఎదురు చూశాడు. అదే సరైన పని. మన నౌకాదళ విమానం వెళ్ళి తురియాని గుర్తుపట్టింది. సెప్టెంబరు 24న ఫ్రాన్సుకు చెందిన ఒసిరిస్ అనే ఓడ ఆయన్ని ఎక్కించుకుంది. అదే తుపానులో ఐర్లండ్‌కి చెందిన గ్రెగర్ మగకిన్ పడవ కొయ్యలు కూడా విరిగాయి. ఆయన తన విరిగిన పడవకి తాత్కాలికంగా తెరచాప కట్టుకుని, అభిలాష్ ఉన్న దిక్కుకే నడిపాడు. తన పడవే కుంటుతోంది. అయినా పక్కవాడి వైపు వెళ్ళాడు.

అభిలాష్‌ని మన యుద్ధనౌక ఐఎన్ఎస్ సాత్పురా తీసుకొచ్చింది. అక్టోబరు మొదటి వారంలో ఆయన దిగింది విశాఖపట్నంలోనే. తరువాత ఆయన ఊరుకోలేదు. 2022లో మొదలైన అదే పందెంలో మళ్ళీ పాల్గొన్నాడు. 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో వచ్చి ముగించాడు. వెన్నులో లోహపు కడ్డీలు వేసుకుని!

చుక్కాని సంగతికి మన తెలుగు ఆడపిల్లలనే సాక్ష్యానికి పిలవచ్చు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి ప్రపంచం చుట్టిరావడానికి బయల్దేరింది. నడిపినవాళ్ళు ఆరుగురు మహిళా అధికారులు. నాయకురాలు వర్తికా జోషి. విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి బి. ఐశ్వర్య అందులో ఉన్నారు. పసిఫిక్ పెను తుపాను దాటారు. 2018 జనవరిలో కేప్ హార్న్ కూడా దాటారు. అన్నీ అయ్యాక, ఇంటికి వచ్చే దారిలో, హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే యంత్రం పాడైంది. ముందు అనుకోని మారిషస్ రేవులో ఆగారు. బాగుచేయించుకుని మే 21న గోవా చేరారు. ఇల్లు దగ్గరపడింది, ఎలాగోలా లాగేద్దాం అనుకోలేదు. అంత చిన్న నిర్ణయం వెనక ఎంత అనుభవం ఉందో పడవ మీద తిరిగినవాళ్ళకి తెలుస్తుంది.

సరే, పడవ రేవు చేరింది. ఇక హాయేనా? కాదు. పడవ జీవితంలో ఓపికని నిజంగా పరీక్షించేది రేవే.

2004 సెప్టెంబరు 7న ఐవాన్ అనే పెను తుపాను గ్రెనడా ద్వీపాన్ని కొట్టింది. కరీబియన్ సముద్రంలో ఆ ద్వీపం దక్షిణాన ఉంది. అంత కిందికి తుపాన్లు రావని నమ్మి, ఎందరో పడవలవాళ్ళు తుపాన్ల కాలంలో అక్కడే తలదాచుకునేవారు. కొందరు పడవల్ని ఒడ్డుకి ఎక్కించి, ఊతకర్రలు పెట్టి, తాళం వేసుకుని స్వదేశాలకి వెళ్ళేవారు. ఐవాన్ వచ్చింది. ఒడ్డున వరసగా నిలబెట్టిన పడవల్లో ఒకటి ఒరిగి పక్కదాని మీద పడింది. అది ఇంకోదాని మీద పడింది. ద్వీపంలో పదిళ్ళలో తొమ్మిదిళ్ళు దెబ్బతిన్నాయి. అక్కడి జనానికే కప్పు లేదు, మంచినీళ్ళు లేవు. అలాంటప్పుడు షోకు పడవ బాగుచేసే మనిషి ఎవరు దొరుకుతారు? పడవలవాళ్ళలో కొందరు తమ పని పక్కన పెట్టి ఊళ్ళో పనులకి చెయ్యి వేశారు. తాము ఏళ్ళ తరబడి కూరగాయలు కొనుక్కున్న ఊరు మరి.

2024 జూలై 1న ఆ పక్కనే ఉన్న కారియకూ ద్వీపాన్ని మరో పెను తుపాను తుడిచేసింది. దాని పేరు బెరిల్. మన కథలో బెరిల్ స్మీటన్‌కి దీనితో సంబంధం లేదు లెండి. మడ అడవుల్లో చెట్లకి మోకులు కట్టి దాచుకున్న పడవలు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. మడ అడవి గాలిని చాలావరకు ఆపుతుంది. కానీ నాలుగో తరగతి తుపానుకి అదీ చాలలేదు.

రేవులో రోజు ఎలా గడుస్తుంది? ముందు బీమా మనిషి కోసం ఎదురుచూపు. అతను వచ్చి చూసేదాకా ఏదీ విప్పకూడదు. కానీ ఉప్పునీళ్ళు బీమా మనిషి కోసం ఆగవు. అందుకని తెలివైనవాళ్ళు ముందు ఫోటోలు తీసుకుంటారు, వెంటనే పని మొదలుపెడతారు. పరుపులు, బట్టలు, పుస్తకాలు పైకి వస్తాయి. ఉప్పునీళ్ళలో తడిసిన గుడ్డని ఎంత ఎండలో వేసినా ఆరినట్టే ఆరి, సాయంత్రానికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటుంది. మంచినీళ్ళలో జాడించనిదే ఆరదు. రేవులో మంచినీళ్ళు కరువైతే వాన కోసం చూస్తారు. తుపాను పెట్టిన కష్టాన్ని తీర్చడానికి మళ్ళీ వానే రావాలి!

సామాన్ల అరలో ఇంకో తమాషా. డబ్బాల మీది కాగితాలన్నీ నీళ్ళకి ఊడిపోతాయి. ఏ డబ్బాలో చేపలున్నాయో, ఏ డబ్బాలో పళ్ళున్నాయో తెలియదు. పాత కాపులు డబ్బాల మీద ముందే రంగుతో గుర్తు పెట్టుకుంటారు. కొత్తవాళ్ళు మాత్రం నాలుగు రోజులు చీట్లాటలా భోంచేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం ఇంజను. ఇది మన మరబోట్ల వాళ్ళు చెవి పెట్టి వినాల్సిన మాట. మునిగిన ఇంజను పైకి రాగానే చాలామంది తిప్పి చూస్తారు. ఆడుతుందేమోనని ఆశ. సిలిండరులో నీళ్ళుంటే ఆ నీళ్ళు గాలిలా అణగవు. పిస్టను పైకి వచ్చి ఆ నీళ్ళని గుద్దుతుంది. మధ్యలో రాడ్డు వంగిపోతుంది. నీళ్ళు చెయ్యని నష్టం ఆ ఒక్క తిప్పు చేస్తుంది. ఇంజను నీళ్ళ కింద ఉన్నంతసేపూ తుప్పు నెమ్మదిగా పడుతుంది. పైకి తీసి గాలి తగిలాక గంటల్లో పట్టేస్తుంది. అందుకని పైకి తీసిన రోజే పని జరగాలి. మంచినీళ్ళతో కడగాలి. ఇంజెక్టర్లు విప్పి సిలిండర్లలోని నీళ్ళు బయటికి పోనివ్వాలి. పాత ఆయిలు తీసేయాలి. కొత్త ఆయిలు పోసి చేత్తో మెల్లగా తిప్పాలి. మెకానిక్ రెండు రోజుల తరువాత వస్తానంటే, కడగడం, ఆయిలు పట్టించడం వరకూ మీరే కానిచ్చేయాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ చేపల రేవులో ఎన్నో మరబోట్లు మునిగాయి. షోకుకి తిరిగే తెరచాప పడవకైనా, కూటికి తిరిగే మరబోటుకైనా ఉప్పునీళ్ళు ఒకటే.

స్మీటన్ల కథ మిగిలింది కదా. చిలీ నౌకాదళం వాళ్ళ రేవులో జు హాంగ్‌ని బాగుచేయించారు. గజ్‌వెల్ తన సొంత పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. 1957 డిసెంబరులో మొగుడూ పెళ్ళాం ఇద్దరే మళ్ళీ కేప్ హార్న్ దారి పట్టారు. 26న పడవ మళ్ళీ దొర్లింది. మళ్ళీ కొయ్యలు పోయాయి. మళ్ళీ పొట్టి తెరచాప కట్టుకుని చిలీ రేవుకే చేరారు. ఈసారి వాల్పరైసో. ఆ రెండు ప్రయాణాల మీద మైల్స్ రాసిన పుస్తకం 1959లో వచ్చింది. పేరు వన్స్ ఈజ్ ఎనఫ్, అంటే ఒక్కసారి చాలు అని. రెండుసార్లు పల్టీ కొట్టినాయన ఆ పేరు పెట్టాడు. ఆ రెండో పల్టీకి పదకొండేళ్ళ తరువాత, 1968లో, అదే పడవలో కేప్ హార్న్ దాటేశారు కూడా.

మన తీరంలో పడవ ఉన్న ప్రతివాళ్ళకీ ఒక మనవి. తుపాన్ల కాలం రాకముందే ఒక సంచీ సిద్ధం చేసుకోండి. రెండు బక్కెట్లు, రంపం, సుత్తి, మేకులు, కొంచెం చెక్క, గట్టి గుడ్డ, మోకు, టార్చి. రంపానికి పదును ఉందో లేదో ఇవాళే చూసుకోండి. తాగే నీళ్ళు ఒకే డ్రమ్ములో కాక, విడివిడి క్యాన్లలో పెట్టుకోండి. ఒకదానిలో ఉప్పు కలిసినా మరొకటి మిగులుతుంది. వాతావరణ శాఖ వేటకు వెళ్ళొద్దంటే వెళ్ళకండి. సముద్రంలో ఆపద వస్తే తీరరక్షక దళానికి ఫోన్ చెయ్యాల్సిన నంబరు 1554. వీహెచ్ఎఫ్ సెట్ ఉన్నవాళ్ళు 16వ ఛానల్‌లో పిలవాలి. ఈ రెండు నంబర్లూ పడవలో రంగుతో రాసి పెట్టుకోండి. కాగితం మీద రాస్తే తడిసిపోతుంది.